టెక్సాస్‌లో కొత్త కౌన్సెలర్: రెండు ఆఫర్లలో ఏది తీసుకోవాలి, సూపర్‌వైజర్‌ని ఎలా ఎంచుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నారు, హెచ్-4 (భర్త హెచ్-1బీ మీద వచ్చే వీసా) మీద ఈఏడీ, అంటే పని అనుమతి, ఉంది. క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ పూర్తయింది, కౌన్సెలర్ల లైసెన్స్ పరీక్ష ఎన్‌సీఈ పాసయ్యారు. చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి ప్రైవేట్ గ్రూప్ ప్రాక్టీస్. సూపర్‌విజన్ (పూర్తి లైసెన్స్ వచ్చేదాకా అనుభవమున్న కౌన్సెలర్ మీ పని చూడటం) ఉచితం, కానీ రెండేళ్ల అగ్రిమెంట్ రాయాలి, మధ్యలో మానేస్తే అప్పటిదాకా ఇచ్చిన సూపర్‌విజన్‌కి లెక్కగట్టి డబ్బు తిరిగి కట్టాలి. పైగా 1099 పద్ధతి, అంటే ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టర్‌గా. రెండోది నాన్‌ప్రాఫిట్ క్లినిక్. జీతం తక్కువ, డబ్ల్యూ-2, అంటే మామూలు ఉద్యోగం, సూపర్‌వైజర్‌ని మీరే బయట వెతుక్కుని మీరే ఫీజు కట్టుకోవాలి. ఏది తీసుకోవాలి అన్నది మొదటి ప్రశ్న. న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్ళు తమకి ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ ఇవ్వమంటున్నారు, ఇవ్వొచ్చా అన్నది రెండోది.

నేను టెక్సాస్‌లో చాలా ఏళ్లుగా ఎల్‌పీసీగా, అంటే పూర్తి లైసెన్స్ ఉన్న కౌన్సెలర్‌గా, పనిచేస్తున్నాను. ఎల్‌పీసీ-ఎస్ హోదాలో, అంటే బోర్డు ఆమోదించిన సూపర్‌వైజర్‌గా, మీలాంటి కొత్తవాళ్ళ పని కూడా చూస్తుంటాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ ఆఫర్ మంచిదన్నది మీకు సూపర్‌వైజర్‌గా ఉండబోయేది ఎవరన్న దాన్ని బట్టి తేలుతుంది. జీతం, ఆఫీసు, ఇంటి నుంచి దూరం ఇవన్నీ ఆ తర్వాతే. ఎందుకో అర్థం కావాలంటే రూల్స్ కాస్త చూడాలి. చాలామంది వాటిని రాష్ట్ర చట్టం మీద పెట్టే జ్యూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష కోసం ఒకసారి చదివి వదిలేస్తారు.

అమెరికా మొత్తానికి కౌన్సెలర్లకి ఒకే లైసెన్స్ అంటూ లేదు. ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే, ఏ బోర్డు ఆ రాష్ట్రానిదే. 1976లో వర్జీనియా మొదలుపెట్టింది, అందరికంటే ఆఖరున కాలిఫోర్నియా 2009లో చట్టం చేసింది. అందుకే పేర్లూ కలవవు, పూర్తి లైసెన్స్ రావడానికి సూపర్‌విజన్ కింద పనిచేయాల్సిన గంటలూ కలవవు. కాలిఫోర్నియాలో 3,000 గంటలు, అందులో 1,750 క్లయింట్లతో నేరుగా గడపాలి, కనీసం 104 వారాలు పట్టాలి. వర్జీనియాలో మిమ్మల్ని రెసిడెంట్ అంటారు, 3,400 గంటలు, అందులో 2,000 నేరుగా. మన టెక్సాస్‌లో 3,000, అందులో 1,500 నేరుగా, కనీసం 18 నెలలు. మీ స్నేహితురాలు వేరే రాష్ట్రంలో ఎలా చేసిందో వినండి, కానీ దాన్ని బట్టి ఇక్కడ ప్లాన్ వేసుకోకండి.

ఇంకో జాగ్రత్త. 2020 సెప్టెంబర్ నుంచి ఇక్కడి బోర్డు పని టెక్సాస్ బిహేవియరల్ హెల్త్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ కింద నడుస్తోంది. అప్పటిదాకా మిమ్మల్ని ఎల్‌పీసీ ఇంటర్న్ అనేవారు. ఇప్పుడు పేరు ఎల్‌పీసీ అసోసియేట్, సూపర్‌విజన్ నెలకి కనీసం నాలుగు గంటలు. ఎక్కడైనా 'ఇంటర్న్' అన్న పేరు కనిపిస్తే అది పాత సమాచారం అనుకుని పక్కన పెట్టండి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉన్న రూల్స్ ప్రతినే చదవండి.

మొత్తం సూపర్‌విజన్ గంటల్లో సగం వరకు గ్రూప్ సూపర్‌విజన్ కావచ్చు. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ అసోసియేట్లు కూర్చుంటే గ్రూప్, ఒకరు లేదా ఇద్దరైతే ఇండివిడ్యువల్. అంటే సగటున నెలకి కనీసం రెండు గంటలైనా మీ కేసుల మీద దగ్గరగా దృష్టి పెట్టే సమావేశం ఉండి తీరాలి. మీరు చేసే పనికి మీతో పాటు సూపర్‌వైజర్ కూడా పూర్తి బాధ్యులని రూల్‌లోనే ఉంది. మీ పొరపాటు ఆయనకి తెలిసినా, సూపర్‌వైజర్‌గా తెలుసుకుని ఉండాల్సింది అయినా, ఆయన లైసెన్స్ మీద కూడా చర్య తీసుకోవచ్చు. ఈ బాధ్యతని సీరియస్‌గా తీసుకునే మనిషి మీ సెషన్లు వినకుండా, మీ నోట్సు చూడకుండా సంతకం పెట్టరు. నెలాఖరున ఫోన్‌లో 'అంతా ఓకేనా?' అని అడిగి సంతకం పెట్టేసే మనిషి దొరికితే సుఖమని కొందరు అనుకుంటారు. దయచేసి అలా అనుకోకండి.

ఒక కేసు చెబుతాను, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. లైసెన్స్ వచ్చి కొన్ని నెలలైన అసోసియేట్ ఒకమ్మాయి ఒక తెలుగు పెద్దావిడని చూస్తోంది. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. నిద్ర పట్టదు, గుండెల్లో బరువు, అన్నం సయించదు. డాక్టర్ దగ్గర టెస్టులన్నీ నార్మల్. అసోసియేట్ నోట్సు పద్ధతిగానే రాసింది, 'ఆత్మహత్య ఆలోచనలు లేవని క్లయింట్ చెప్పారు' అని కూడా రాసింది. క్లయింట్ అనుమతితో చేసిన రికార్డింగ్ సూపర్‌విజన్‌లో నేనూ ఆ అమ్మాయీ కలిసి విన్నాం. ఒకచోట పెద్దావిడ అంటోంది: 'పిల్లలకి నేనెందుకమ్మా భారం? దేవుడు తొందరగా తీసుకెళ్తే బావుండు.' మా అసోసియేట్ 'అలా అనకండి ఆంటీ' అని, నిద్ర గురించిన ప్రశ్నకి వెళ్ళిపోయింది.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఈ మాట అంటూనే ఉంటారు. మనమూ 'ఊరుకో అమ్మా' అని పనిలో పడిపోతాం. ఆ అలవాటే కౌన్సెలింగ్ గదిలోకి కూడా వచ్చేసింది. కానీ నేను ఇతరులకి భారమైపోయాను అనే భావన ఆత్మహత్య ప్రమాదాన్ని అంచనా వేసేటప్పుడు తప్పక పట్టించుకోవాల్సిన గుర్తు. అక్కడ ఆగాలి. ఎప్పటినుంచి అలా అనిపిస్తోంది, దేవుడు తీసుకెళ్ళడం సరే, మీ అంతట మీరు ఏమైనా చేసుకోవాలని అనిపించిందా, ఇంట్లో మాత్రలు ఏమేం ఉన్నాయి, ఎవరి దగ్గర ఉంటాయి అని సూటిగా, మెల్లగా అడగాలి. ఆ ప్రశ్నల్ని తెలుగులో ఎలా అడగాలో అక్కడే పైకి అనుకుని చూశాం. ఇంగ్లిష్‌లో క్లాసులో నేర్చుకున్నవి తెలుగులో నోరు తిరగవు, పెద్దవాళ్ళని చావు గురించి అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. అదే రోజు అమ్మాయి ఆవిడకి ఫోన్ చేసి అడిగింది. ఆవిడ నిద్రమాత్రలు పోగుచేసి పెట్టుకున్నారని అప్పుడు బయటపడింది. ఆవిడ ఒప్పుకున్నాక కొడుకుని, డాక్టర్‌ని కలుపుకుని సేఫ్టీ ప్లాన్ రాశాం, మాత్రలు కొడుకు తన దగ్గర పెట్టుకున్నాడు, ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్ళకి సాయం చేసే 988 హెల్ప్‌లైన్ నంబర్ ఫ్రిజ్ మీద అంటించారు.

నోట్సు మాత్రమే చదివే సూపర్‌వైజర్ అయితే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. నోట్సులో తప్పేమీ లేదు మరి. అందుకే మీరు సూపర్‌వైజర్‌తో మాట్లాడేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: 'నా సెషన్లు మీరు వింటారా? ఎన్నాళ్లకోసారి?' రికార్డింగ్ గానీ, సెషన్‌లో కూర్చుని చూడటం గానీ ఏదో ఒకటి లేకుండా, మీరు వచ్చి చెప్పే మాటల మీదే మొత్తం నడిపేవాళ్ళయితే ఇంకొకరిని చూసుకోండి. మనకి ఎక్కడ తప్పు జరుగుతోందో మనం చెప్పలేం, ఎందుకంటే అది మన కంటికి కనబడదు.

ఇక్కడ మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. డాలస్ చుట్టుపక్కల మీ దగ్గరికి వచ్చే క్లయింట్లలో సగం మంది తెలుగులో మాట్లాడితే, తెలుగు రాని సూపర్‌వైజర్ రికార్డింగ్ విని ఏం చేస్తారు? టెక్సాస్‌లో ఒకేసారి ఇద్దరు సూపర్‌వైజర్లని పెట్టుకోవచ్చు. ఒకరు మీకు అన్ని విధాలా నచ్చిన మనిషి, తెలుగు రాకపోయినా సరే. ఇంకొకరు తెలుగు తెలిసిన ఎల్‌పీసీ-ఎస్, నెలకి ఒక గంటైనా. ఇద్దరితోనూ విడివిడిగా సూపర్‌వైజరీ అగ్రిమెంట్ ఉండాలి, ఎవరి దగ్గర ఏ గంటలు అన్నది మొదటి నుంచీ రాసుకోవాలి. సూపర్‌విజన్ వీడియో కాల్‌లో చేయొచ్చు కాబట్టి ఆ తెలుగు సూపర్‌వైజర్ హ్యూస్టన్‌లో ఉన్నా ఫర్వాలేదు. అలా ఎవరూ దొరక్కపోతే, సెషన్‌లో కష్టంగా అనిపించిన పది నిమిషాలు ఎంచుకుని మాట పొల్లుపోకుండా ఇంగ్లిష్‌లో రాసి పట్టుకెళ్ళండి. సారాంశం వద్దు. సారాంశం రాసేటప్పుడు మనకి తెలియకుండానే క్లయింట్ మాటల్ని మెత్తబరుస్తాం. దగ్గరి బంధువులు సూపర్‌వైజర్‌గా ఉండకూడదన్న రూల్ కూడా ఉంది. మీ పిన్నిగారు ఎల్‌పీసీ-ఎస్ అయినా ఆవిడ మీకు పనికిరారు.

సూపర్‌వైజర్‌ని అడగాల్సిన రెండో ప్రశ్న, ఆయనకి టెక్సాస్ చట్టం ఎంత తెలుసు అన్నది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. మీరు చదివిన పుస్తకాల్లో టరాసోఫ్ కేసు ఉంటుంది. బర్క్‌లీలో చదివే ఒక భారతీయ విద్యార్థి తన థెరపిస్టుతో ఒకమ్మాయిని చంపుతానని చెప్పాడు, 1969లో అన్నంత పనీ చేశాడు. ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుకి ఉందని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. దేశమంతా ఇదే రూల్ అనుకుని చాలామంది క్లాసు నుంచి బయటికొస్తారు. టెక్సాస్ సుప్రీంకోర్టు 1999లో థాపర్ వర్సెస్ జెజుల్కా కేసులో దానికి ఒప్పుకోలేదు. ఇక్కడ అవతలి మనిషిని హెచ్చరించే బాధ్యత మీ మీద లేదు. ప్రమాదం ముంచుకొస్తోందనిపిస్తే పోలీసులకో వైద్య సిబ్బందికో చెప్పడానికి చట్టం అనుమతిస్తుంది. నేరుగా ఆ మనిషికే ఫోన్ చేసి చెబితే గోప్యత ఉల్లంఘించినట్టు కావచ్చు. ఒక క్లయింట్ కోపంతో ఊగిపోతూ మాజీ భర్త గురించి ఏదో అన్న సాయంత్రం ఆరుగంటలకి మీకు కావాల్సింది ఈ తేడా తెలిసిన మనిషి, ఫోన్ ఎత్తే మనిషి. కాబట్టి ఇదీ అడగండి: 'ఎమర్జెన్సీలో మీరు దొరక్కపోతే ఎవరికి చేయాలి?' దానికి జవాబు రెడీగా లేని సూపర్‌వైజర్ వద్దు. పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానం వస్తే మాత్రం సూపర్‌వైజర్‌కి చెప్పి ఊరుకుంటే సరిపోదు. రిపోర్ట్ మీరే స్వయంగా చేయాలి, ఆ పని వేరేవాళ్ళకి అప్పగించడానికి టెక్సాస్ చట్టం ఒప్పుకోదు.

ఇక కాగితాల సంగతి. ఇది బోరింగ్‌గా ఉంటుంది, కానీ నేను చూసిన ఏడుపుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. అసోసియేట్ లైసెన్స్ చేతికి రాకముందు ఉద్యోగంలో చేసిన గంటలు లెక్కలోకి రావు, ఎంత మంచి పని చేసినా సరే. సూపర్‌వైజర్ లైసెన్స్ గడువు తీరిపోతే ఆ తేదీ తర్వాత ఆయన కింద చేసిన గంటలు కూడా పోతాయి. అలా గడువు దాటాక మీ దగ్గర తీసుకున్న ఫీజు ఆయన తిరిగి ఇవ్వాలని రూల్‌లో ఉంది, కానీ డబ్బు తిరిగి వచ్చినా గంటలు రావు కదా. నాకు తెలిసిన ఒకమ్మాయికి ఇదే జరిగింది. సూపర్‌వైజర్ రెన్యువల్ మర్చిపోయారు, ఎవరూ గమనించలేదు, కొన్ని నెలల పని గాలికి పోయింది. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే లైసెన్స్ గడువు, సూపర్‌వైజర్ హోదా, క్రమశిక్షణ చర్యలు ఏమైనా ఉంటే అవీ కనిపిస్తాయి. అగ్రిమెంట్‌కి ముందు ఒకసారి చూడండి, తర్వాత ప్రతి మూడు నెలలకి చూడండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

గంటలు ఏ నెలకానెల రాసి సంతకం తీసుకోండి. రెండేళ్లు అయ్యాక ఒకేసారి చూసుకుందాం అంటే ఒప్పుకోవద్దు. మనుషులు ఊళ్లు మారతారు, రిటైరవుతారు, జబ్బున పడతారు, గొడవలు పడతారు. సూపర్‌వైజర్ మారితే పాత ఆయన దగ్గర చేసిన గంటల ఫారం మీద సంతకం వెంటనే, ఆ వారంలోనే తీసుకోండి. 3,000 పూర్తయ్యాయి కదా అని సూపర్‌విజన్ ఆపేయకండి. పూర్తి లైసెన్స్ జారీ అయ్యేదాకా మీరు అసోసియేటే, సూపర్‌విజన్ కొనసాగాల్సిందే. అసోసియేట్ లైసెన్స్ గడువు 60 నెలలు, మధ్యలో కాన్పు, ఇండియా ప్రయాణాలు ఉన్నా సరిపోతుంది, మరీ నిదానించకపోతే.

అసలు 18 నెలల్లో అయిపోతుందా? లెక్క వేద్దాం. 18 నెలలంటే 78 వారాలు. సెలవులకీ జ్వరాలకీ ఆరు వారాలు తీసేస్తే 72. 1,500ని 72తో భాగిస్తే వారానికి దాదాపు 21 గంటలు క్లయింట్లతోనే కూర్చోవాలి. ఐదుగురిలో ఒకరు రాకపోతే మీరు 26 మందికి అపాయింట్‌మెంట్ ఇచ్చి ఉండాలి. కొత్త కౌన్సెలర్ వారానికి 26 మందిని పెట్టుకుంటే చదువుకోవడానికీ ఆలోచించుకోవడానికీ తీరిక దొరకదు, మూడో నెలకే మనిషి అలసిపోతారు. రెండేళ్లు వేసుకుంటే వారానికి పదహారు చాలు. నా సలహా రెండేళ్లే. గ్రూప్ ప్రాక్టీస్ వాళ్ళు 'క్లయింట్లకి కొదవ లేదు' అంటారు. మాటతో సరిపెట్టుకోకండి. గత మూడు నెలల్లో వాళ్ళ అసోసియేట్లకి వారానికి సగటున ఎన్ని డైరెక్ట్ గంటలు వచ్చాయో అడగండి. ఒక అసోసియేట్‌తో విడిగా మాట్లాడతానని అడగండి. వద్దంటే అక్కడే అర్థమైపోతుంది.

ఆ ఆఫర్‌లో నాకు నచ్చనివి మూడున్నాయి. ఒకటి, బాస్, సూపర్‌వైజర్ ఒకే మనిషి. ఈ క్లయింట్‌కి నా దగ్గర కంటే వేరేచోట మేలు జరుగుతుంది, పంపేద్దాం అని మీకు అనిపించిన రోజున, ఆ క్లయింట్ వెళ్తే ఆదాయం తగ్గేది మీరు సలహా అడుగుతున్న మనిషికే. చాలామంది నిజాయితీపరులు దీన్ని చక్కగానే నడుపుతారు, కాదనను. కానీ అడగండి: 'ఆ పరిస్థితి వస్తే ఎలా?' రెండు, మానేస్తే డబ్బు కట్టాలన్న షరతు. దాంతో ఉచితం అన్న మాట పోయింది, అది అప్పు. పైగా సూపర్‌వైజర్‌తో పొసగకపోయినా, అక్కడ ఏదైనా తప్పు పని కనిపించినా బయటపడలేరు. ఎంత కట్టాలి, ఏ లెక్కన, ఎన్ని నెలల తర్వాత తగ్గుతుంది అన్నది అంకెల్లో రాసి ఉండాలి. మూడు, 1099. పని వేళలు వాళ్ళవి, రేటు వాళ్ళది, క్లయింట్లు వాళ్ళవాళ్ళు, కానీ మీరు ఉద్యోగి కాదు. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 15.3 శాతం మీ జేబులోంచి పోతుంది. డబ్ల్యూ-2లో అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులో సగం యజమాని కడతారు. గంటకి ఇచ్చే రేటు చూసి మురిసిపోకుండా చేతికి ఎంత వస్తుందో లెక్కేసుకోండి. క్లయింట్ రాని గంటకి ఏమీ ఇవ్వరు కదా, అదీ చూసుకోండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది బిల్లింగ్. మీరు చూసిన సెషన్ ఎవరి పేరు మీద ఇన్సూరెన్స్‌కి వెళ్తుంది? మీరు అసోసియేట్ అనీ, సూపర్‌విజన్ కింద ఉన్నారనీ బిల్లుల మీద ఉండాలని టెక్సాస్ రూల్. చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు అసోసియేట్లని తీసుకోవు. సూపర్‌వైజర్ పేరుతో బిల్ చేయడానికి కంపెనీ ఒప్పుకుంటే అది వేరు, ఒప్పుకోకుండా ఆయనే సెషన్ చేసినట్టు రాస్తే అది మోసం, మీ పేరూ అందులోకి వస్తుంది. '2024 నుంచి మెడికేర్‌లో, అంటే పెద్దవాళ్ళ ప్రభుత్వ బీమాలో, కౌన్సెలర్లకీ చోటొచ్చింది, పెద్దవాళ్ళని మీకే ఇస్తాం' అని ఎవరైనా ఆశ చూపిస్తే, మెడికేర్‌లో సొంతంగా నమోదు చేసుకోగలిగేది పూర్తి లైసెన్స్ ఉన్నవాళ్ళే అని గుర్తుపెట్టుకోండి. బిల్లింగ్ గురించి అడిగినప్పుడు మాట దాటేస్తే, మిగతా అంతా బావున్నా ఆ చోటు వదిలేయండి. మీ కార్డు మీదా వెబ్‌సైట్ మీదా 'సూపర్‌వైజ్డ్ బై' అని సూపర్‌వైజర్ పేరు ఉండాలి, క్లయింట్ సంతకం పెట్టే కన్సెంట్ ఫారంలో కూడా. అది లేకుండా మీ పేరు ప్రచారం చేస్తున్నారంటే వాళ్ళకి రూల్స్ పట్టవని అర్థం.

నాన్‌ప్రాఫిట్ వైపు ఖర్చు కూడా లెక్కేద్దాం. రెండేళ్లంటే 96 గంటల సూపర్‌విజన్. ఉదాహరణకి ఇండివిడ్యువల్‌కి గంటకి 100 డాలర్లు, గ్రూప్‌కి 50 అనుకుంటే, సగం సగం చేస్తే 7,200 డాలర్లు. చిన్న మొత్తం కాదు. కానీ ఆ డబ్బుతో మీరు కొంటున్నది నచ్చిన మనిషిని ఎంచుకునే స్వేచ్ఛ, నచ్చకపోతే మారే స్వేచ్ఛ. క్లినిక్ వాళ్ళని రెండు అడగండి: సూపర్‌విజన్ ఖర్చులో కొంతైనా భరిస్తారా, బయటి సూపర్‌వైజర్ మీ ఫైళ్లు చూడటానికీ రికార్డింగులు వినడానికీ ఒప్పుకుంటారా. రెండోదానికి కుదరదంటే ఆ ఉద్యోగం కూడా కష్టమే. బయటి సూపర్‌వైజర్‌కి మీ పని కనబడకపోతే ఇంతసేపు నేను చెప్పినదంతా వృథా.

మీ వీసా సంగతి. ఈఏడీ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు, కానీ అది మీ భర్త హెచ్-1బీ మీద ఆధారపడి ఉంది. లేఆఫ్‌లు జరిగినప్పుడల్లా ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో నేను క్లయింట్ల ఇళ్ళల్లో చూస్తూనే ఉన్నాను. ఈఏడీ రెన్యువల్ ఆలస్యమై పని ఆపాల్సి వస్తే క్లయింట్లని ఎవరు చూస్తారన్నది సూపర్‌వైజర్‌తో ముందే మాట్లాడి రాసి పెట్టుకోండి. రెండేళ్ల అగ్రిమెంట్ రాసే పనైతే, పని అనుమతి పోయిన కారణంగా ఆగితే డబ్బు కట్టక్కర్లేదని ఒక వాక్యం పెట్టించండి. స్టూడెంట్ వీసా ఎఫ్-1 మీద ఈ కోర్సులో చేరాలనుకునేవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకొక మాట. చదువయ్యాక పని చేయనిచ్చే ఓపీటీ 12 నెలలు, సైన్స్, టెక్నాలజీ కోర్సులకిచ్చే స్టెమ్ పొడిగింపు ఈ చదువుకి రాదు, టెక్సాస్‌లో గంటలకి కనీస కాలం 18 నెలలు. ఈ రెండూ కలవవు. యూనివర్సిటీలకి అనుబంధంగా ఉండి, హెచ్-1బీ లాటరీతో పని లేని నాన్‌ప్రాఫిట్లు ఒక దారి. ఫీజు కట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, కాలేజీ అడ్మిషన్ ఆఫీసు మాట మీద వెళ్ళకండి.

ఇప్పుడు న్యూజెర్సీ, కాలిఫోర్నియా క్లయింట్లు. చూడకూడదు. సెషన్ జరిగే సమయానికి క్లయింట్ ఏ రాష్ట్రంలో కూర్చుని ఉన్నారో ఆ రాష్ట్రం అనుమతి మీకు ఉండాలి. మీరు ఎక్కడున్నారన్నది ఒక్కటే చూస్తే చాలదు. కౌన్సెలింగ్ కాంపాక్ట్ అని రాష్ట్రాల మధ్య ఒప్పందం ఒకటి వచ్చింది గానీ, అది పూర్తి లైసెన్స్ ఉన్నవాళ్ళకే, అసోసియేట్లకి కాదు. మీ డాలస్ క్లయింటే థాంక్స్‌గివింగ్‌కి అక్క ఇంటికి న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్ళి అక్కడి నుంచి లాగిన్ అయినా అదే సమస్య, అందుకే ప్రతి ఆన్‌లైన్ సెషన్ మొదట్లో 'ఇప్పుడు ఎక్కడున్నారు?' అని అడిగి నోట్ చేసుకోవాలి. ఏదైనా ప్రమాదం జరిగితే అంబులెన్స్ ఎక్కడికి పంపాలో తెలియడానికి కూడా అది కావాలి.

అవతల తెలుగులో మాట్లాడే మనిషి కోసం ఎవరో బాధపడుతూ అడుగుతుంటే కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. 'లైసెన్స్ లేకుండా కోచింగ్ అని పేరు పెట్టి చూడొచ్చు కదా' అని మీకు సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. చేసేది కౌన్సెలింగ్ అయితే పేరు మార్చినంత మాత్రాన మారదు. వాళ్ళ రాష్ట్రంలో తెలుగు తెలిసిన లైసెన్స్ ఉన్నవాళ్ళ జాబితా ఒకటి తయారుచేసుకోండి, పేర్లు కనుక్కుని ముందే ఫోన్ చేసి కొత్త క్లయింట్లని తీసుకుంటారో లేదో తెలుసుకోండి. అడిగినవాళ్ళకి వెంటనే ఇవ్వండి. అత్యవసరమైతే అమెరికాలో ఎక్కడున్నా 988. గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న తల్లిదండ్రుల కోసం అడిగితే భారత ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబర్ 14416, అక్కడ తెలుగులో మాట్లాడతారు.

మన ఊళ్ళో తెలుగువాళ్ళ సంఖ్య ఎక్కువైనా ప్రపంచం చిన్నదే. శనివారం మీ క్లయింట్ ఫ్రిస్కో హనుమాన్ గుడిలో ప్రసాదం లైన్‌లో మీ వెనకే నిలబడి ఉంటుంది, పక్కన అత్తగారు. ఇంకో క్లయింట్ పాప మీ పాప ఒకే కూచిపూడి క్లాసులో ఉంటారు. మొదటి సెషన్‌లోనే చెప్పండి: 'బయట కనిపిస్తే నేను ముందుగా పలకరించను, మీరు పలకరిస్తే మామూలుగా మాట్లాడతాను, ఎలా తెలుసని ఎవరైనా అడిగితే నేను చెప్పను.' మీ భర్త స్నేహితుడి భార్య క్లయింట్‌గా వస్తానంటే తీసుకోకండి, వేరేవాళ్ళ దగ్గరికి పంపండి. ఇవన్నీ సూపర్‌విజన్‌కి తీసుకెళ్ళాల్సిన విషయాలే. తెలుగువాళ్ళ పెళ్ళి పేరంటాల సంగతి తెలియని సూపర్‌వైజర్‌కి 'వెళ్ళకుండా ఉండొచ్చుగా' అనిపిస్తుంది. ఎందుకు కుదరదో మీరు వివరించాలి, ఇద్దరూ కలిసి హద్దు గీసుకోవాలి.

కాబట్టి ఈ వారం చేయాల్సింది. కౌన్సిల్ సైట్‌లో గ్రూప్ ప్రాక్టీస్ యజమాని పేరు చూడండి. పైన చెప్పిన ప్రశ్నలతో ఆయనతో ఒక గంట మాట్లాడండి. మరోపక్క విడిగా ముగ్గురు ఎల్‌పీసీ-ఎస్‌లకి ఫోన్ చేయండి, చాలామంది మొదటి సంభాషణకి డబ్బు తీసుకోరు. ఆ ముగ్గురిలో ఒకరైనా మీ సెషన్లు వింటామని చెప్పి, నాన్‌ప్రాఫిట్ వాళ్ళు కూడా దానికి ఒప్పుకుంటే, జీతం తక్కువైనా అదే తీసుకోమంటాను. గ్రూప్ ప్రాక్టీస్ ఆయన నిజంగా మంచి సూపర్‌వైజర్ అనిపిస్తే, డబ్బు తిరిగి కట్టే షరతు తీసేయమని, డబ్ల్యూ-2 ఇవ్వమని అడిగి చూడండి. అప్పుడు అదీ మంచి ఆఫరే. మీ లైసెన్స్ దరఖాస్తుతో పాటు సూపర్‌వైజరీ అగ్రిమెంట్ కూడా పంపాలి కాబట్టి ఎలాగూ ఈ నిర్ణయం ముందే జరగాలి, చేరాక చూద్దాం అనడానికి వీల్లేదు. అగ్రిమెంట్ కాపీ చేతికి వచ్చాక అర్థం కాని షరతు ఏదైనా ఉంటే, పేర్లు తీసేసి ఆ వాక్యం ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.